కొలత తీయని కోటు

జూన్ 3, సోమవారం

తగ్గింది. మళ్ళీ రాసుకుంటాను, రాస్తుంటేనే చేతికి హాయిగా ఉంది. తగ్గింది.

పొడుగు డాక్టరు పాత ఫిల్మును ఒక పక్క, కొత్త ఫిల్మును ఒక పక్క లైటు పెట్టెకు తగిలించి చూపించాడు. పాతదాంట్లో మా అమ్మాయి కుడి ఊపిరితిత్తిలో కోటు గుండీ అంత మచ్చ ఉంది. కొత్తదాంట్లో చొక్కా గుండీ అంత కూడా లేదు. గుండీల లెక్క నాది, డాక్టరుది కాదు. ఆయన ఏవో మిల్లీమీటర్లు చెప్పాడు. నాకు గుండీలు అర్థమవుతాయి. కోత లేదు, కుట్టు లేదు, రోజుకొక మాత్ర చేసిన పని ఇది. కాన్సర్ అన్న మాట మొదటిసారి విన్న ఆ గదిలోనే ఈ రోజు నేను గంతులేశాను, అబద్ధం కాదు. డాక్టరు రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. ఆయన నవ్వి, "పెద్దాయనా, నా చేతులు నాకు ఇచ్చేయండి, బయట ఇంకా చాలామంది కూర్చున్నారు" అన్నాడు.

ఎంత మంచి మనిషి. ఎంత పొడుగు మనిషి. ఆయన ప్యాంటుకు గుడ్డ కొలిచే కొట్టువాడి అదృష్టమే అదృష్టం.

బస్సులో పక్క సీటాయనకు చెప్పాను. ఆయనెవరో నాకు తెలియదు. కండక్టరుకు చెప్పాను. మా కుట్టు షాపు పక్కన తాళాలు చేసే బావకు చెప్పాను. వరసకు బావేం కాదు, ముప్పై ఏళ్ళుగా పక్కపక్కన కూర్చుని పనిచేస్తే ఏదో ఒక వరస వచ్చేస్తుంది. మిఠాయిలు కొని వీధి వీధంతా పంచాను.

అమ్మాయి బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ వచ్చింది. ఆసుపత్రి ఫైలు ఒళ్ళో పెట్టుకుని, అది ఎగిరిపోతుందేమో అన్నట్టు రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. అలిసిపోయింది. తిండి లేకుండా స్కాను గదుల చుట్టూ తిరిగితే ఎవరైనా అలిసిపోతారు.

డాక్టరు ఇంకా ఏవో చెప్పాడు. మాత్ర పనిచేసినన్నాళ్ళు అని ఏదో అన్నాడు. అమ్మాయి బరువు మరీ తగ్గిపోయింది, తినడం లేదు, నిద్ర లేదు, ఇది జబ్బు పని కాదు, మనసు పని అన్నాడు. ఇలాగే నీరసించిపోతే మాత్ర కొన్నాళ్ళు ఆపాల్సి వస్తుందట. ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్ళ మనసు చూడటానికి అదే ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉందట. ఆవిడే ఫోన్ చేసి ఎప్పుడు రావాలో చెప్తుందట. అమ్మాయి తన ఫోను కట్టేసి పెడుతోంది కనుక షాపు నంబరు ఇచ్చాను. ఇచ్చాను గానీ, ఇంత మంచి కబురు విన్నాక మనసుకు ఇంకేం కావాలి?

మా ఆవిడ ఉండి ఉంటే ఇదంతా ఆవిడకు చెప్పి నిద్రపోయేవాణ్ణి. కాగితానికి చెప్పేవాణ్ణి కాదు.

జూన్ 4, మంగళవారం

ఈ రోజు కూడా సంతోషంగానే ఉంది.

జూన్ 6, గురువారం

గిరాకీ ఉన్నా లేకపోయినా షాపు నిండా జనమే. మా ఇంటి ముందు గదే షాపు. తలుపు తీసి ఉంటే దారినపోయేవాళ్ళు తల లోపల పెట్టి, "ఎలా ఉంది అమ్మాయికి?" అని అడుగుతారు. నేను కుట్టు ఆపి మొదటి నుంచి చెప్తాను. పాత మచ్చ, కొత్త మచ్చ, గుండీలు, మాత్ర. చెప్పిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది.

కొందరు సిగరెట్లు తాగేదా అని అడుగుతారు. ఊపిరితిత్తి అనగానే అందరికీ అదే ప్రశ్న. వాళ్ళకూ ఓపిగ్గా చెప్తాను. ఆమె ముట్టలేదు, ఇంట్లో ఎవరం ముట్టలేదు, ఒక్కోసారి కారణం లేకుండానే వస్తుందని డాక్టరే చెప్పాడు అని. గట్టిగా చెప్తాను. మన అమ్మాయి మీద మాట పడకూడదు కదా.

తాళాల బావ అడిగాడు, ఇంత సంతోషం నువ్వు పంచుతున్నావు, అమ్మాయి ఏమంటోంది అని. ఆమె కూడా సంతోషంగానే ఉంది అన్నాను. ఆమె అలాంటివి పైకి చెప్పే మనిషి కాదు. నాలుగేళ్ళప్పుడు నా మిషన్ పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "నాన్నా, ఇక్కడ కుట్టు వంకర" అని చెప్పిన పిల్ల. ఆ రోజు నుంచి అది నాకు మేస్త్రీ. ఇప్పుడు నలభై మూడేళ్ళు వచ్చాయి, ఇప్పటికీ మేస్త్రీయే.

ఈ రోజు మేస్త్రీ రెండు చెంచాలు తింది. గుడ్డు ముట్టలేదు.

జూన్ 9, ఆదివారం

బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. అమ్మాయి తిరిగి డ్యూటీకి వెళ్ళేటప్పుడు వేసుకోవడానికి కొత్త యూనిఫాం కోటు కుడతాను. అగ్నిమాపక కార్యాలయం కంట్రోల్ రూమ్ వాళ్ళది ముదురు నీలం కోటు, నిలువు కాలరు, రెండు జేబులు. మంటలు ఆర్పేవాళ్ళది వేరే కోటు. ఈమెది ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఎవరి ఇల్లు అంటుకున్నా, ఎవరు లిఫ్టులో ఇరుక్కున్నా ముందు వినిపించేది మా మేస్త్రీ గొంతే.

ఒకసారి నాకు కత్తెర తగిలి వేలు చీరుకుపోతే కంగారులో ఆమె ఆఫీసుకే ఫోన్ చేశాను. కూతురు కదా, అయ్యో నాన్నా అంటుందనుకున్నాను. "ఎక్కడున్నావు? పక్కన ఎవరున్నారు? ఫోన్ పెట్టేయకు" అంది. మూడు ముక్కలు. తరువాత ఇంటికొచ్చాక నేను అలిగితే నవ్వింది. భయపడినవాళ్ళకు ఏం కాదులే అని చెప్పకూడదట, వాళ్ళ ట్రైనింగులో మొదటి పాఠమే అదట. ఏం కాదు అంటే అవతలివాళ్ళు తమ మాట ఎవరూ వినడం లేదనుకుని ఫోన్ పెట్టేస్తారట. ఎంత తెలివి మా అమ్మాయిది.

గుడ్డ తెచ్చాను. కొలత తీయనక్కర్లేదు. లోకంలో ఎవరి కొలత మర్చిపోయినా దాని కొలత నాకు నోటికొచ్చు. చెప్పకుండా కుట్టి చేతిలో పెడతాను. దాని మొహం చూడాలి.

జూన్ 11, మంగళవారం

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆ మనసు డాక్టరమ్మే. చాలా మర్యాదగా మాట్లాడింది. బాబాయిగారూ అని పిలిచింది. శుక్రవారం తీసుకురాగలరా అని అడిగింది. నేను జరిగిందంతా చెప్పాను. మచ్చ తగ్గడం, గుండీలు, కొత్త కోటు. మా అమ్మాయికి ఇప్పుడు ఏ లోటూ లేదమ్మా, నిజంగా బాధలో ఉన్నవాళ్ళెవరికైనా ఆ టైము ఇవ్వండి అన్నాను.

అప్పుడావిడ, "ఈ మాట అమ్మాయిగారు అన్నారా, మీరు అంటున్నారా?" అంది.

మా ఇద్దరిదీ ఒకటే మాట అన్నాను.

ఎప్పుడు కావాలన్నా చేయమని తన నంబరు ఇచ్చింది. చేతిలో సుద్దే ఉంది, గోడ మీద గిరాకీల నంబర్ల కింద రాసుకున్నాను. అమ్మాయికి చెప్పలేదు. కోలుకుంటున్న మనిషికి మనసు బాగాలేదేమోనని గుర్తుచేయడం ఎందుకు? తుడిచేద్దామనుకున్నాను గానీ ఇంతలో ఎవరో ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చారు.

జూన్ 13, గురువారం

కంచం అలాగే ఉంది. ఈ ఉక్కకు ఎవరికీ ఆకలి వేయదు.

కోటుకు చేతులు ఎక్కించాను.

జూన్ 15, శనివారం

కోటు అయిపోయింది. నా చేతి మీద ఇలాంటి కాలరు ఇంతవరకు రాలేదు. ఇస్త్రీ చేసి హ్యాంగరుకు వేసి, అమ్మాయిని కళ్ళు మూసుకోమని షాపులోకి తీసుకొచ్చాను. కళ్ళు తెరిచి చూసింది. నువ్వే కుట్టావా అంది. ఇంకెవరు కుడతారు, వేసుకో వేసుకో అన్నాను.

వేసుకుంది.

నడుము వదులైతే లోపలికి పట్టుకోవచ్చు. చేతులు పొడుగైతే మడవొచ్చు. భుజం జారితే ఏమీ చేయడానికి ఉండదు, విప్పి మళ్ళీ కత్తిరించాల్సిందే. భుజం కుట్టు దాని జబ్బ మీదకు వచ్చి కూర్చుంది. కాలరులో మెడ ఇటూ అటూ తిరుగుతోంది.

అద్దంలో చూసుకుంటూ నిలబడింది. ఆ అద్దం పాతబడింది. పాదరసం పోయిన అద్దంలో ఎవరైనా చిక్కినట్టే కనిపిస్తారు.

ఏం పరవాలేదు, తిండి పడితే నెల తిరిగేసరికి నిండిపోతావు అన్నాను.

"నిండుతానా నాన్నా?" అంది.

నిండకేం, నేను రాసిస్తాను అన్నాను.

కోటు విప్పి, చేతులు లోపలికి మడిచి, నేను నేర్పినట్టే మడత పెట్టి కుర్చీ మీద ఉంచింది. బాగుంది నాన్నా అంది. గదిలోకి వెళ్ళిపోయింది. బాగుందని తానే అంది. నేను అడగలేదు.

జూన్ 16, ఆదివారం

లేవలేదు. ఆదివారం కదా.

జూన్ 18, మంగళవారం

పొద్దున్నే నేను సాసర్లో మాత్ర వేసి, పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టి షాపు తెరుస్తాను. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే మాత్ర సాసర్లోనే ఉంది. వేసుకుంటాలే అంది. మర్చిపోయింది.

జూన్ 19, బుధవారం

మర్చిపోయింది.

జూన్ 20, గురువారం

మాత్ర ఈ రోజూ అలాగే ఉంది. మర్చిపోయింది అని రాయబోయి ఆపేశాను. వందల ఫోన్ నంబర్లు గుర్తుపెట్టుకునే మనిషి.

గది గుమ్మంలో నిలబడి, అమ్మా, ఇంత బాగా పనిచేస్తున్న మాత్ర, సగం పైన తగ్గించిన మాత్ర అని చెప్పబోయాను. అటు తిరిగి పడుకుంది. డాక్టరు చేసిన హెచ్చరిక నాకు గుర్తుంది. బరువు ఇంకా పడిపోతే మాత్ర ఆపుతానన్నాడు. ఆయన ఆపకుండానే ఈమె ఆపుతోంది. మాత్ర ఆగితే చొక్కా గుండీ మళ్ళీ కోటు గుండీ అవుతుంది. ఈ వాక్యం రాయకుండా ఉండాల్సింది.

సాయంత్రం తాళాల బావ దగ్గర కూర్చుని, అమ్మాయికి ఇంత మంచి జరిగినా ఉత్సాహం లేదేమిటో అన్నాను. వాడు ఆకురాయితో తాళంచెవి రుద్దుతూ, తలెత్తకుండా అన్నాడు.

"బావా, నీ సంతోషం ఇల్లంతా పరుచుకుని కూర్చుంది. ఆ పిల్ల ఏడవాలంటే ఎక్కడ కూర్చుని ఏడుస్తుంది?"

ఏడవడానికి ఏముందిరా మా ఇంట్లో అని లేచి వచ్చేశాను. వాడికి నోటి తీట. రేపటి నుంచి వాడితో మాట్లాడను.

జూన్ 21, శుక్రవారం

మాట్లాడలేదు.

ఇంట్లో ఒకరు, షాపు పక్కన ఒకరు, ఇద్దరూ మౌనం. నేను మధ్యలో మిషన్ తొక్కుతున్నాను. ఎవరో తల లోపల పెట్టి ఎలా ఉంది అని అడిగారు. బాగానే ఉంది అని ఊరుకున్నాను. గుండీల సంగతి చెప్పాలనిపించలేదు.

జూన్ 24, సోమవారం

కోటు విప్పేశాను. పొద్దున్న కూర్చుని భుజం కుట్లు, చేతుల కుట్లు అన్నీ బ్లేడుతో తెంపాను. తెంపుతుంటే అమ్మాయి నీళ్ళ కోసం బయటికి వచ్చి చూసి, అయ్యో ఎందుకు నాన్నా అంది. భుజం కుదరలేదు, కొలత తీస్తాను రా అన్నాను.

"నా కొలత నీకు నోటికొచ్చు కదా."

ఆ కొలత పాతది అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా బరువైంది. ఆమె గ్లాసు కింద పెట్టి వచ్చి గోడ వైపు మొహం పెట్టి నిలబడింది, గిరాకీలందరూ నిలబడే చోటే.

వీపు కొలిచాను. టేపు అంత త్వరగా అవతలి భుజానికి చేరిపోతుందనుకోలేదు. ఛాతీ కొలవబోతే ఊపిరి బిగబట్టింది. అందరూ అంతే. టేపు చుట్టగానే ఛాతీ పొంగించి నిలబడతారు, ఆ కొలతకు కుడితే ఇంటికెళ్ళి మామూలుగా ఊపిరి వదిలేసరికి బట్ట వేలాడుతుంది. అందుకే నేను కొలిచేటప్పుడు ఏదో ఒకటి అడుగుతాను. ఏ ఊరు, పిల్లలెందరు, ఏదైనా సరే. మనిషి మాట్లాడుతుంటే ఊపిరి దానంతటదే కిందికి దిగుతుంది. అప్పుడు టేపు చూసుకుంటాను. టైలరు కూతురికి ఆ కిటుకు తెలుసు. నేను ఏం అడిగినా తల ఊపుతుంది గానీ నోరు తెరవదు.

మేస్త్రీ, ఊపిరి వదులు అన్నాను. వదల్లేదు.

ఏం అడగాలో తోచలేదు. నేను అడగగలిగినవన్నీ ఈ ఇంట్లో జవాబు తెలిసిన ప్రశ్నలే. చివరికి దాని ప్రశ్నే దానిని అడిగాను.

"ఎక్కడున్నావమ్మా?"

టేపు కింద దాని వీపు కదిలింది. తరువాత గోడతో మాట్లాడినట్టు మెల్లగా మొదలుపెట్టింది.

మాత్ర ఎన్నాళ్ళు పనిచేస్తుందో ఎవరికీ తెలియదట. పనిచేసినన్నాళ్ళు పనిచేస్తుంది, తరువాత వేరేది చూడాలి అని డాక్టరు నా ముందే చెప్పాడట. నేను అప్పుడు ఆయన చేతులు పట్టుకుని ఊపుతున్నానట. "ఏదో ఒక మాత్రతో ఈ మందు పనిచేయడం ఆగిపోతుంది నాన్నా. అది ఏ మాత్రో తెలియదు. సాసర్లో చూసినప్పుడల్లా ఇదేనేమో అనిపిస్తుంది. ఇది వేసుకోకుండా ఉంచితే మందు పని ఆగదేమో అనిపిస్తుంది. పిచ్చి ఆలోచనే. పిచ్చిదని తెలుసు. చెయ్యి మాత్రం ముందుకు వెళ్ళదు."

సిగరెట్ల సంగతి కూడా చెప్పింది. అడిగిన ప్రతివాడికీ నేను గట్టిగా సంజాయిషీ చెప్తుంటే, తాను లోపల గదిలో పట్టుబడ్డ దొంగలా వింటూ కూర్చునేదట. వీధంతా మిఠాయిలు తిన్నారట, ఇంత మంది సంతోషించాక తనకు సంతోషం రాకపోవడం తప్పు చేసినట్టు ఉందట. "రాలేదు నాన్నా. ఎంత ప్రయత్నించినా రాలేదు. భయమే వస్తోంది."

ఏం కాదులే అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను. పళ్ళు ఉన్నవి తక్కువ, ఆపడం కష్టమైంది.

అప్పుడు అంది, "ఇదెవరి నంబరు? పక్కన ప్యాంటు, చొక్కా అని ఏమీ రాయలేదు?"

ఆమె మొహానికి ఎదురుగా సుద్ద అంకెలు. గోడ మీద ఏ నంబరు పక్కనైనా బట్ట పేరు రాసుకుంటాను. ఆ ఒక్కదాని పక్కనే ఖాళీ.

చెప్పాను. ఆసుపత్రి డాక్టరమ్మ అని, ఫోన్ చేసిందని, అవసరం లేదని నేనే అన్నానని.

ఇటు తిరిగింది. కోపం వస్తుందనుకున్నాను. కోపం కాదు. "నేను ఆ ఫోన్ కోసమే చూస్తున్నాను నాన్నా" అంది. "వాళ్ళు కూడా మర్చిపోయారనుకున్నాను."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

టేపు నా చేతిలోనే ఉంది. ఎంత వచ్చిందో చూడటం మర్చిపోయాను.

జూన్ 25, మంగళవారం

తలుపు.

జూన్ 26, బుధవారం

షాపు తెరవలేదు. తెరిస్తే ఎవరో ఒకరు తల లోపల పెడతారు.

వంటింట్లో కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నేను ఒక్కణ్ణే మాట్లాడుతున్నానని ఈ రోజు తెలిసింది. నేను ఆపేస్తే గోడ గడియారం, వెనక గదిలో అమ్మాయి దగ్గు, అంతే.

తాళాల బావ వచ్చి తలుపు కొట్టాడు. షాపు మూసి ఉందేమిటి అన్నాడు. ఒంట్లో బాగాలేదన్నాను. ఎవరి ఒంట్లో అన్నాడు. నా ఒంట్లో అన్నాను. ఇంకేమీ అడగకుండా గుమ్మం మీద కూర్చుని కాసేపు ఉండి వెళ్ళాడు.

మధ్యాహ్నం అమ్మాయి గది తలుపు తెరుచుకుంది. చెప్పులు షాపు గది వైపు వెళ్ళిన చప్పుడు. తరువాత ఫోన్ చేస్తున్న చప్పుడు. నేను కదల్లేదు. వినకూడదని వంటింటి కుళాయి తిప్పాను. నీళ్ళు వృథా అవుతాయని మళ్ళీ కట్టేశాను. "నేనే మాట్లాడుతున్నాను" అన్న ఒక్క మాట వినపడింది. అది ఆఫీసు గొంతు కాదు.

బయటికి వచ్చి, సోమవారం రమ్మన్నారు, నువ్వు కూడా రా అంది. సాసరు నా ముందు పెట్టింది. కాసేపు మాత్రను చూసింది. ఎక్కడున్నావు అని నేను అడగలేదు, ఎదురుగానే ఉంది కదా. చేతిలోకి తీసుకుంది, వేసుకుంది. నీళ్ళు తాగింది.

దగ్గు వచ్చింది, తగ్గింది.

జూలై 1, సోమవారం

ఆసుపత్రిలో ఆ గది మూడో అంతస్తులో చివర. తలుపుకు అద్దం లేదు. అమ్మాయి లోపలికి వెళ్ళింది, నేను బయట బల్ల మీద. నా ఒళ్ళో దాని బ్యాగు. పక్కన ఇంకొకాయన ఒళ్ళో కూడా ఆడవాళ్ళ బ్యాగు. పోయిన నెల అయితే ఆయనకు మొదటి నుంచి చివరి దాకా చెప్పేసేవాణ్ణి. ఇద్దరం బ్యాగులు పట్టుకుని ఊరికే కూర్చున్నాం. ఆయన చొక్కా రెండో గుండీ ఊడిపోయి ఉంది. ఇంట్లో కుట్టే మనిషి లోపల ఉంది కాబోలు.

చాలాసేపయ్యాక నన్ను కూడా పిలిచారు. అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఈ మధ్య అలా ఆనుకుని కూర్చోవడం నేను చూడలేదు. డాక్టరమ్మ చిన్న మనిషి, చేతులు పొట్టి చేసిన చొక్కా, ఎవరో బాగానే కుట్టారు. ఇలా భయం రావడం ఈ జబ్బుతో ఉన్నవాళ్ళలో చాలామందికి ఉండేదేనట, ప్రతి వారం వస్తే మంచిదట, నిద్రకు కూడా మందు అవసరమైతే చూస్తారట. నేను తల ఊపుతూ విన్నాను. అడ్డం రాలేదు.

అంతా అయ్యాక, "బాబాయిగారూ, మీరెలా ఉన్నారు?" అంది.

"చాలా సంతోషంగా ఉన్నానమ్మా" అన్నాను. అలవాటుగా వచ్చేసింది.

అమ్మాయి నా వైపు చూసింది. టేపు పట్టుకుని గిరాకీల ఛాతీ వైపు నేను చూసే చూపు అది.

"ఊపిరి వదులు నాన్నా" అంది.

తరువాత ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. చాలా మాట్లాడాను. డాక్టరమ్మ టేబుల్ మీద కాగితపు రుమాళ్ళ పెట్టె ఉంది. అది ఎందుకు పెట్టారో లోపలికి వెళ్ళేటప్పుడు అర్థం కాలేదు.

జూలై 3, బుధవారం

కొలత మళ్ళీ తీశాను. ఈసారి టేపు చూశాను. కొలిచినంతసేపూ అమ్మాయి వాళ్ళ ఆఫీసులో పిల్లి నీళ్ళ ట్యాంకులో పడిన కథ చెప్పింది. పిల్లి ఫోన్ చేయలేదు గానీ, దాని యజమానురాలు పిల్లి మాట్లాడుతున్నట్టే మాట్లాడిందట. ఊపిరి మామూలుగా వచ్చి పోయింది.

సాయంత్రం తాళాల బావకు టీ తీసుకెళ్ళి ఇచ్చాను. ఏమిటి విశేషం అన్నాడు. విశేషం ఏమీ లేదన్నాను. విశేషం లేకుండా నువ్వు వస్తావా అన్నాడు. మా అమ్మాయికి భయంగా ఉందిరా అన్నాను. వాడు ఆకురాయి కింద పెట్టాడు.

జూలై 5, శుక్రవారం

కోటు కత్తిరించి కుట్టాను. ఇప్పుడున్న భుజానికే. పక్క కుట్లలో మాత్రం లోపల గుడ్డ వదిలాను, విప్పుకోవాలంటే విప్పుకోవచ్చు. బయటికి తెలియదు. దానికి చెప్పలేదు. విప్పాల్సి వస్తే అప్పుడు చూద్దాం. రాకపోయినా కోటు కోటే.

రెండు పూటలూ సగం కంచం తింది. మాత్ర వేసుకుంది. నిన్న రాత్రి నిద్ర రాలేదట. నిద్ర రాలేదని తానే చెప్పింది. ఎంత సంతోషం వేసిందో.

జూలై 8, సోమవారం

కోటు వేసుకుని డ్యూటీకి వెళ్ళింది. సగం పూటే. మొదటి వారం ఫోన్లు ఎత్తనివ్వరట, పక్కన కూర్చుని వినడమేనట. భుజం కుట్టు భుజం మీద కూర్చుంది. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. ఎవరికీ చెప్పలేదు.

ఇల్లు ఖాళీ అయింది. ఇన్ని నెలల్లో వెనక గదిలో మనిషి లేకపోవడం ఇదే మొదటిసారి. దగ్గు వినిపించకపోతే బాగుండుననుకునేవాణ్ణి. ఈ రోజు వినిపించలేదు. మిషన్ తొక్కుతూ మధ్యమధ్య ఆపి వింటున్నాను.

భోజనాల వేళ షాపు ఫోను మోగింది.

"నాన్నా, ఎక్కడున్నావు?"

"షాపులోనే, మిషన్ దగ్గర."

"పక్కన ఎవరున్నారు?"

తాళాల బావ తిండికి ఇంటికి వెళ్ళాడు. గిరాకీ లేదు. గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు. బాగానే ఉన్నానమ్మా అనబోయాను.

"ఎవరూ లేరమ్మా" అన్నాను.

"సరే. ఫోన్ పెట్టేయకు."

పెట్టలేదు. అవతల అన్నం డబ్బా మూత తీసిన చప్పుడైంది. చెంచా డబ్బాకు తగులుతున్న చప్పుడు వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. మిషన్ తొక్కితే అది వినపడదని కాళ్ళు తీసి పక్కన పెట్టుకుని కూర్చున్నాను.